సాఫ్ట్‌బాల్ పిచర్ భుజానికీ లెక్క ఉండాలి

అయ్యా,

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ సాఫ్ట్‌బాల్ పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే క్రీడాకారిణి) యుకికో ఉఎనో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లాడి 413 బంతులు విసిరి స్వర్ణం అందించింది. ఆమె అంటే మాకు ఎంతో గౌరవం. కానీ స్కూల్ పిల్లలకు ఆ అంకె ఆదర్శం కాకూడదు. సాఫ్ట్‌బాల్‌లో బంతిని కింది నుంచి విసురుతారు కనుక భుజానికి భారం ఉండదన్నది అపోహ. చెయ్యి గుండ్రంగా తిరిగి తొడ పక్కకు వచ్చేసరికి భుజం ముందువైపు బాగా లాగేస్తుంది. అలసిపోతే నడుము సరిగా తిరగదు, ఆ భారమంతా చేతి మీదే పడుతుంది.

2021 టోక్యో ఫైనల్‌లో 39 ఏళ్ల ఉఎనోను మధ్యలో తప్పించి మరో పిచర్ మియు గోతోకు బంతినిచ్చారు. ఈ ఆటలో మొదట ఆడినవారు బయటికెళ్లినా ఒకసారి తిరిగి రావచ్చు కనుక చివర్లో మళ్లీ ఆమెనే దింపారు. అమెరికాపై 2-0తో గెలిచారు. మన జట్లూ ఇద్దరు పిచర్లను తయారుచేయాలి, స్కోరు పుస్తకంలో బంతుల లెక్కా రాయాలి.

– సాఫ్ట్‌బాల్ శిక్షకులు