రెండేళ్లు మా ఊరికి సర్పంచ్ లేడు

సంపాదకుడు గారికి,

మాది తెలంగాణలోని జనగామ జిల్లాలో ఒక ఊరు. గ్రామపంచాయతీ ఆఫీసుకు ఎదురుగానే నాకు చిన్న కిరాణా దుకాణం ఉంది. పొద్దున ఆరింటికి షట్టర్ తీస్తే రాత్రి తొమ్మిదింటికి దించుతాను. ఆ ఆఫీసు ఎప్పుడు తెరుస్తారో, ఎవరు వస్తారో, ఎవరు ఉత్తచేతులతో తిరిగిపోతారో నా గల్లా దగ్గరి నుంచే కనిపిస్తుంది. 2025 డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలు అయినప్పటి నుంచి ఏ పార్టీకి ఎంతమంది సర్పంచులు వచ్చారన్న లెక్కలే పేపర్లలో చదువుతున్నాం. అంతకు ముందు ఊళ్లు ఎట్లా గడిచాయో రాసినవాళ్లు తక్కువ. అందుకే ఈ ఉత్తరం.

2019 జనవరిలో గెలిచిన సర్పంచుల గడువు 2024 జనవరి 31తో అయిపోయింది. మళ్లీ ఓట్లు పడింది 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో. కొత్తవాళ్లు ప్రమాణం చేసింది 22న. ఈ మధ్యలో దాదాపు 23 నెలలు రాష్ట్రంలోని 12,700కు పైగా పంచాయతీలు స్పెషల్ ఆఫీసర్ల చేతిలో ఉన్నాయి. స్పెషల్ ఆఫీసర్ అంటే మన ఊరి కోసమే పెట్టిన మనిషి అనుకుంటారు చాలామంది. ఆయనకు మండలంలో అసలు ఉద్యోగం వేరే ఉంటుంది. దాని పైన మా ఊరు, ఇంకో రెండు మూడు ఊళ్లు. మా దగ్గరికి వచ్చిన సారు మంచి మనిషే, ఎవరినీ కసురుకున్నది లేదు. కానీ రాత్రి పదింటికి తాగునీటి మోటారు కాలిపోతే ఆయన ఇంటికి పోయి తలుపు కొట్టలేం కదా. సర్పంచ్ అయితే కొడతాం. తిట్టుకుంటూనైనా లేచి వస్తాడు, రేపు ఓటు అడగాలి కాబట్టి.

మోటారు సంగతి ఊరికే చెప్పలేదు. పోయిన ఎండాకాలం మా పైవాడ బోరు మోటారు నిజంగానే కాలింది. పంచాయతీ ఖాతాలో డబ్బు లేదు. ఉన్నదానికి చెక్కు రాసినా ట్రెజరీలో ఎప్పుడు పాసవుతుందో తెలియదు. మా పంచాయతీ సెక్రటరీ పాతికేళ్ల అమ్మాయి. దుకాణం దగ్గరికి వచ్చి, "అక్కా, ఒక మూడు వేలు సర్దుతవా, నా దగ్గర రెండే ఉన్నయి" అంది. ఆ మోటారును ఆటోలో వేసుకుని జనగామ తీసుకుపోయి వైండింగ్ చేయించుకుని వచ్చింది. ఆ నాలుగు రోజులు పైవాడ ఆడవాళ్లు వ్యవసాయ బావి నుంచి బిందెలు మోశారు. నా ఖాతా పుస్తకంలో "పంచాయతీ" అని రాసిన పేజీ ఒకటి ఉంది. అందులో వీధి బల్బులు, ఫినాయిలు, చీపుర్లు, తాళం, ఆ మూడు వేలు వరసగా ఉంటాయి. పేజీ నిండితే వెనక పేజీలో రాశాను. ఇలా ఎంతమంది సెక్రటరీలు సొంత జీతంతో ఊరిని నడిపారో ప్రభుత్వం ఒక్కసారి అడిగి తెలుసుకోవాలి.

పంచాయతీ ట్రాక్టర్ డీజిల్ లేక ఆఫీసు పక్కన నిలబడిపోయింది. చెత్త బండి రాకపోతే జనం చెత్త ఎక్కడ పోస్తారు, మోరీలోనే కదా. వానాకాలం మోరీ నిండి నీళ్లు మా దుకాణం మెట్ల దాకా వచ్చాయి. మా ఊరి సఫాయి కార్మికుల నెల జీతం 9,500 రూపాయలు, అది కూడా రెండు మూడు నెలలకు ఒకసారి చేతికి వచ్చేది. వాళ్లు పని మానేస్తే అనడానికి మనకు నోరెక్కడిది?

డబ్బు ఎందుకు లేదంటే, ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీలకు కేంద్రం ఇచ్చే 15వ ఆర్థిక సంఘం నిధులు విడుదల కావు. ఇది కొత్తగా పెట్టిన షరతు కాదు, ప్రభుత్వానికి ముందే తెలుసు. ఐదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగంలో 243-ఇ అధికరణం ఉంది. అదీ తెలుసు. చివరికి హైకోర్టు 2025 జూన్‌లో మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. బీసీలకు 42 శాతం రిజర్వేషన్ కోసమే ఆగామని ప్రభుత్వం వాళ్లు అన్నారు. నేను బీసీ ఇంటి కోడలిని, ఆ వాటా న్యాయమైనదని గట్టిగా నమ్ముతాను. కానీ సెప్టెంబర్ ఆఖర్లో జీవో ఇవ్వడం, అక్టోబర్ 9న హైకోర్టు దాన్ని ఆపడం, చివరికి మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకూడదన్న పాత పరిమితితోనే ఎన్నికలు జరగడం చూశాక బాధేసింది. ఆ పని గడువు ముగియక ముందే మొదలుపెట్టి ఉంటే బీసీలకూ న్యాయం జరిగేదేమో, ఊరికీ దిక్కు ఉండేది.

ఇది ఈ ఒక్క ప్రభుత్వం తప్పని నేననను. 2018 ఆగస్టులో గడువు ముగిస్తే అప్పటి ప్రభుత్వం కూడా ఆరు నెలలు స్పెషల్ ఆఫీసర్లనే పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో గడువు ముగిసిన పంచాయతీలకు 2021 ఫిబ్రవరిలో గానీ ఓట్లు పడలేదు, ఆ మధ్యలో రెండు పార్టీలు గద్దె మీద ఉన్నాయి. అసెంబ్లీ ఎన్నిక ఒక్క వారం ఆలస్యమైతే ఊరుకుంటారా ఈ నాయకులు? ఎమ్మెల్యే కుర్చీ ఖాళీగా ఉండకూడదు గానీ సర్పంచ్ కుర్చీ ఎన్నాళ్లున్నా ఫర్వాలేదా?

మా పాత సర్పంచ్ గురించి కూడా చెప్పాలి. ఆయన హయాంలో సీసీ రోడ్డు, మోరీ, వైకుంఠధామం (శ్మశానం) ప్రహరీ అయ్యాయి. పైనుంచి ఒత్తిడి చేసి పనులు చేయించారు, బిల్లులు తర్వాత వస్తాయన్నారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పెట్టాడు. బిల్లులు రాలేదు, ప్రభుత్వం మారింది, పదవి పోయింది, వడ్డీ మాత్రం ఆగలేదు. ఎకరంన్నర అమ్ముకున్నాడు. ఆయన భార్య నా దగ్గర బియ్యం తీసుకుని పైసలు తర్వాత ఇస్తానన్న రోజు ఆమె నా మొహం వైపు చూడలేదు. బాకీ బిల్లుల కోసం హైదరాబాద్ పోదామని బయలుదేరిన మాజీ సర్పంచులను తెల్లవారకముందే స్టేషన్లలో కూర్చోబెట్టిన సంగతి మీ పేపర్లోనే చదివాం. ఆయన గులాబీ పార్టీ (బీఆర్ఎస్) మనిషే. కానీ ఆ రోడ్డు మీద మేమందరం నడుస్తున్నాం.

ఇప్పుడు కొత్త సర్పంచ్ వచ్చాడు. ఉంగరం గుర్తు మీద గెలిచాడు. సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తులతో జరగవు, ఊరి మంచి కోసమే అట్లా పెట్టారు. గెలిచిన వారం లోపే మెడలో అధికార పార్టీ కండువా ఉంది. "ఏం చేయాలె వదినా, నిధులు రావాలంటే తప్పది" అన్నాడు. నేను ఏమీ అనలేకపోయాను. ఊరి జనాభాను బట్టి రావాల్సిన డబ్బు కండువాను బట్టి వస్తుందన్న భయం వాళ్లలో ఎందుకు పుట్టింది? ఈ భయం పోగొట్టే బాధ్యత ముఖ్యమంత్రి గారిది, పంచాయతీరాజ్ మంత్రి గారిది.

15వ ఆర్థిక సంఘం కాలం 2026 మార్చి 31 వరకే. రెండేళ్లు ఆగిన నిధులను కేంద్రం దగ్గర నుంచి రాబట్టాలి. రాష్ట్రం ఇవ్వాల్సినవి కూడా ఇవ్వాలి. పాత సర్పంచుల బిల్లులు, పని కొలతలు రాసే ఎంబీ రికార్డుల్లో ఉన్నాయి, పని జరిగిందో లేదో చూసి, పార్టీ చూడకుండా కట్టేయాలి. మండల, జిల్లా పరిషత్ సభ్యులైన ఎంపీటీసీ, జడ్పీటీసీల గడువు 2024 జులైలోనే ముగిసింది, వాటి ఎన్నికలు పంచాయతీలతో పాటు జరగలేదు. వాటినీ ఇట్లాగే నానబెట్టొద్దు.

ఇంకొకటి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ పెట్టాలి. ఆ 23 నెలల్లో మా ఊళ్లో నాకు గుర్తున్న పెద్ద గ్రామసభ ఒక్కటే, 2025 జనవరిలో. టెంట్ వేసి ఇందిరమ్మ ఇళ్లు, రేషన్ కార్డుల జాబితాలు చదివారు. పేరు లేనివాళ్లు కేకలు వేశారు, సార్లు పోలీసుల మధ్య జీపెక్కారు. ఊరి జమా ఖర్చులు ఎవరూ చదవలేదు. ఈసారి సభలో రెండేళ్ల లెక్క చదవమని అడగడానికి మా మహిళా సంఘం తరఫున పద్దెనిమిది మందిమి సంతకాలు పెట్టి సెక్రటరీకి కాగితం ఇచ్చాం. ఆ అమ్మాయి తీసుకుని రసీదు రాసిచ్చింది. సభ తేదీ ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
ఒక కిరాణా దుకాణదారు,
జనగామ జిల్లా