సాహితి చదువు గురించి అన్నయ్యకి

గీసెన్, జర్మనీ
2026 జూన్ 14

అన్నయ్యకి, వదినకి,

పోయిన ఆదివారం ఫోన్లో మాట సగంలోనే ఆగిపోయింది. "ఎకరం తనఖా పెడితే ముప్పై లక్షల లోను ఇస్తారంట చెల్లీ" అన్నావు, అంతలో లైను కట్ అయింది. వారమంతా అదే మాట చెవిలో మోగుతోంది. మళ్లీ ఫోన్ చేస్తే నువ్వు ఊఁ కొడతావు, నేను తొందరపడి ఏదో అంటాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. వదినకి చదివి వినిపించు. సాహితికి కూడా ఇవ్వు, దాని దగ్గర దాచాల్సింది ఇందులో ఏమీ లేదు.

పిల్ల కెమిస్ట్రీలోనే ఉండాలా వద్దా అన్న అనుమానం మాత్రం నాకు లేదు. సంక్రాంతికి నేను వచ్చినప్పుడు దాని వేళ్ల మీద నల్లటి మచ్చలు చూసి వదిన జీడిమచ్చలు అనుకుంది, గుర్తుందా? అవి సిల్వర్ నైట్రేట్ మచ్చలు. సాల్ట్ అనాలిసిస్‌లో క్లోరైడ్ ఉందో లేదో చూసేటప్పుడు చుక్క చేతి మీద పడితే అప్పటికప్పుడు ఏమీ కనపడదు. వెలుతురు తగిలాక నల్లబడుతుంది. ఎంత రుద్దినా పోదు, పై చర్మం రాలిపోవాల్సిందే. సాహితి ఆ వేళ్లు నా ముందు పెట్టి, "అత్తా, తెల్లగా పెరుగు విరిగినట్టు వస్తుంది చూడు, దాంట్లో అమ్మోనియా పోస్తే మొత్తం మాయమైపోతుంది" అని చెప్పింది. మార్కుల కోసం చదివే పిల్లలు పండగ పూట కూర్చుని అలా చెప్పరు అన్నయ్యా.

కాబట్టి చదివించాలి. కానీ ఎక్కడ, ఎవరి డబ్బుతో అన్నదే అసలు సంగతి.

పిల్లల్ని విదేశీ చదువులకి పంపే ఆ కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన బ్రిటన్ మాస్టర్స్ ఒక్క ఏడాది చదువు. ఫీజు, ఖర్చులు కలిపి ముప్పై లక్షలు. నేను లెక్క వేసి చూశాను. పదకొండు శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే నెలకి దాదాపు 41 వేలు కట్టాలి. అంతా అయ్యేసరికి 50 లక్షలకి దగ్గర పడుతుంది. చదువయ్యాక అక్కడ ఉండి ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి నుంచి అప్లై చేసేవాళ్లకి ఏడాదిన్నరే. ఈ సెప్టెంబర్లో చేరితే సాహితి దాని కిందికే వస్తుంది. ఆ తర్వాత నిలబడాలంటే కంపెనీ స్పాన్సర్ చెయ్యాలి. దానికి కనీస జీతాన్ని పోయినేడు జూలైలో ఏడాదికి 41,700 పౌండ్లకి పెంచారు. కొత్తగా చేరేవాళ్లకి కొంత తగ్గింపు ఉందిలే. అయినా ల్యాబ్‌లో మొదటి ఉద్యోగానికి అంత జీతం ఇచ్చి, పైన వీసా ఖర్చు కూడా పెట్టుకునే కంపెనీ దొరకడం చాలా కష్టం. ఇవన్నీ ఆ కన్సల్టెన్సీ అబ్బాయి నీకు చెప్పాడా? చెప్పి ఉండడు. నువ్వు సంతకం పెడితే అతనికి కమిషన్ వస్తుంది, కిస్తీ మాత్రం నీ నెత్తిన పడుతుంది.

నా సంగతి నీకు తెలిసిందే. అయినా అంకెలతో సహా ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. 2010లో నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ అయిపోయింది. హైదరాబాద్ శివారులో ఒక మందుల కంపెనీలో చేరాను. జీతం 8,500. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టుకున్నారు, రెండేళ్ల బాండ్ రాయించుకున్నారు. నైట్ షిఫ్టులో ఎగ్జాస్ట్ సరిగా పనిచేసేది కాదు, పొద్దున రూముకి వచ్చి తలస్నానం చేసినా జుట్టులో సాల్వెంట్ వాసన పోయేది కాదు. మీరు బెంగపడతారని అమ్మకీ నీకూ చెప్పలేదు. అదే ఏడాది బీటెక్ పూర్తి చేసిన మన పిన్ని కొడుకు 25 వేలతో చేరాడు.

కానీ అన్నయ్యా, ఆ రాత్రుల్లోనే నాకు పని వచ్చింది. రియాక్షన్ పెట్టి, గంటగంటకీ టీఎల్‌సీ చూడాలి, అంటే రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో చూపే పరీక్ష. బొటనవేలంత ప్లేటు, దాని మీద సన్నటి గాజు గొట్టంతో మూడు చుక్కలు. కాసేపు సాల్వెంట్‌లో నిలబెట్టి, ఆరాక యూవీ లైటు కింద పెడితే పచ్చటి వెలుగులో నల్లటి చుక్కలు కనిపిస్తాయి. మొదట వేసిన పదార్థం చుక్క గంటగంటకీ పలచబడుతుంది, కొత్త చుక్క దాని పైనో కిందో ముదురుతుంది. ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి పాత చుక్క పూర్తిగా పోయి కొత్తది ఒక్కటే మిగిలింది. ఆ గదిలో ఎవరూ లేరు, చెప్పుకోవడానికి మనిషి లేడు. అప్పుడు కలిగిన ఆనందం నాకు ఇప్పటికీ గుర్తుంది. 2013లో ఇక్కడి ప్రొఫెసర్ ఇంటర్వ్యూలో మార్కుల గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు. ఎన్ని కాలమ్స్ (కలిసిపోయిన పదార్థాల్ని వేరుచేసే గొట్టాలు) వేశావు, పాడైపోయిన రియాక్షన్ నుంచి ఏం నేర్చుకున్నావు అని అడిగారు.

పీహెచ్‌డీకి నేను ఫీజంటూ కట్టలేదు. సగం పోస్టు కింద, అంటే సగం పని గంటల లెక్కన జీతం ఇచ్చారు. పన్నులు, ఇన్సూరెన్స్ పోగా చేతికి 1,100 యూరోల దాకా వచ్చేది. గది అద్దె 290. నువ్వు అప్పుడు పసుపు అమ్మిన డబ్బులోంచి టికెట్టుకి ఇచ్చిన లక్షన్నర తప్ప నా విదేశీ చదువుకి ఇంటి నుంచి ఇంకేమీ ఖర్చు కాలేదు. అసలు ఖర్చు వయసు. నిలకడైన ఉద్యోగం దొరికి మొదటిసారి సరైన జీతం అందుకునేసరికి నాకు ముప్పై ఒకటి నిండాయి. మధ్యలో తొమ్మిది నెలలు ఖాళీగా ఉన్నాను. ఆ తొమ్మిది నెలల్లో నా మీద ముప్పై లక్షల అప్పు ఉండి ఉంటే నేను కెమిస్ట్రీ వదిలేసి దొరికిన పనిలో చేరిపోయేదాన్ని. అప్పు లేదు కాబట్టి ఆగగలిగాను. ఈ చదువు ఫలం ఇస్తుంది, కాకపోతే ఆలస్యంగా ఇస్తుంది. ఇంత ఆలస్యంగా కాసే చెట్టుకి నెలనెలా వడ్డీ కట్టే అప్పుతో నీళ్లు పొయ్యలేం.

నువ్వు ఫోన్లో అంజిరెడ్డి గారి పేరెత్తావు. నిజమే, తాడేపల్లి పసుపు రైతు కొడుకు. గుంటూరు ఏసీ కాలేజీలో బీఎస్సీ. కానీ ఆయన పుణె నేషనల్ కెమికల్ లాబొరేటరీలో పీహెచ్‌డీ ముగించింది 1969లో, డాక్టర్ రెడ్డీస్ పెట్టింది 1984లో. మధ్యలో పదిహేనేళ్లు. ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో ఉద్యోగం కూడా చేశారు. ఆయన చదువంతా మన దేశంలోనే సాగింది.

మరి జర్మనీకే మాస్టర్స్‌కి పంపితే అని వదిన అడిగింది. ఇక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఫీజు లేదు, అది నిజమే. ఏడాది ఖర్చుకి 11,904 యూరోలు ముందే బ్యాంకులో చూపించాలి. యూరో వంద రూపాయలనుకున్నా పన్నెండు లక్షలు. ఆ డబ్బు మనదే, నెలకింత చొప్పున తిరిగి మన చేతికే వస్తుంది. కానీ ఇక్కడ ఒక చిక్కుంది. ల్యాబ్‌లో చేతిపని చేసే టెక్నీషియన్లు మూడున్నరేళ్లు కంపెనీలోనే ట్రైనింగ్ అయి వస్తారు. రీసెర్చ్ నడిపే కెమిస్టు ఉద్యోగాలు పీహెచ్‌డీ వాళ్లవి. మాస్టర్స్ అయిన పిల్లలు ఎక్కువమంది పీహెచ్‌డీకే వెళ్తారు, మాస్టర్స్‌తో ఆగినవాళ్లు ఎటూ కాకుండా మధ్యలో నలిగిపోతారు. జర్మన్ భాష రాకపోతే మరీ కష్టం. పైగా 2022లో గ్యాస్ ధరలు పెరిగిన దగ్గర్నుంచి ఇక్కడి కెమికల్ కంపెనీలు కోలుకోలేదు. ఒకప్పటి లెక్కలు ఇప్పుడు పనికిరావు.

నా మాట వింటారా? సాహితికి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వస్తోంది కదా, అందులో చేర్చండి. ఫీజు, హాస్టల్, మెస్ కలిపి రెండేళ్లకి రెండు లక్షల లోపే అవుతుందని నా అంచనా. ఒక ఏడాది కోర్సులో ల్యాబ్‌లో గడిపేది కొద్ది నెలలే, హైదరాబాద్‌లో అయితే రెండేళ్లు. మా ఊళ్లో స్టేషన్ దగ్గర లీబిగ్ అనే పాతకాలపు కెమిస్టు మ్యూజియం ఉంది. ఇరవై ఒక్కేళ్ల వయసులో 1824లో ఈ ఊరు వచ్చి, శిష్యుల చేతనే ప్రయోగాలు చేయించి నేర్పిన మనిషి ఆయన. ఆ పాత ల్యాబ్‌లోకి వెళ్లినప్పుడల్లా అనుకుంటాను, ఈ విద్య చేతులకి రావాలి, కాగితం మీద వస్తే చాలదు అని.

ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాయాలి. అందులో జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకి ఇచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకి 37,000, ఇంటద్దె భత్యం అదనం. నాకు రాలేదు, రెండుసార్లు రాశాను. సాహితికి వస్తే హైదరాబాద్‌లో ఐఐసీటీ అనే కెమిస్ట్రీ పరిశోధన సంస్థ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, ఇక్కడ పీహెచ్‌డీలూ ఉన్నాయి, అమెరికాలో కూడా ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇచ్చి చేర్చుకుంటారు. రాకపోతే రెండేళ్లు కంపెనీలో చెయ్యనివ్వండి. అప్పటికి కెమిస్ట్రీ మీద మనసు విరిగినా ఫరవాలేదు. ఎకరం మన పేరు మీదే ఉంటుంది, పిల్ల మీద ఏ భారమూ ఉండదు.

వదినా, నీ మనసులో ఉన్నది నాకు తెలుసు. పీహెచ్‌డీ అయ్యేసరికి పిల్లకి ఇరవై ఎనిమిదేళ్లు వస్తాయి, సంబంధాలు ఎప్పుడు చూడాలి అని. నాన్న పోయాక నా విషయంలో అమ్మకీ అదే టెన్షన్. ఎవరేమన్నా నన్ను చదువుకోనిచ్చింది నువ్వూ అన్నయ్యే. దాన్ని కూడా చదువుకోనివ్వండి. పెళ్లి మాట అది ఎత్తినప్పుడు చూద్దాం.

కౌన్సెలింగ్ ఫీజు, మొదటి సెమిస్టర్ హాస్టల్ డబ్బు నేను పంపుతాను, వద్దనకు. ఆ ఎకరం కాగితాలు ఎవరికీ ఇవ్వొద్దు, జిరాక్సులు కూడా. ఇప్పటికే ఇచ్చి ఉంటే రేపే వెళ్లి తెచ్చేసుకో.

సాహితికి ల్యాబ్ కోటు కొనేటప్పుడు నూలుదే చూసి కొనండి. పాలిస్టర్ చవగ్గా వస్తుంది కానీ మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుపోతుంది. చేతులు పొడుగ్గా, మణికట్టు దగ్గర బిగుతుగా ఉండాలి. తెనాలిలో దొరక్కపోతే చెప్పు, ఇక్కడి నుంచి పంపిస్తాను.

ఆదివారం పొద్దున మీ టైము పదింటికి ఫోన్ చేస్తాను.

మీ చెల్లి