మిరప చేలకు పోయే గర్భిణుల సంగతి

సంపాదకులకు,

బిడ్డ రెండున్నర కిలోల లోపు పుడితే ‘తల్లి సరిగ్గా తినలేదు’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు తెలుగు పల్లెల్లో ఆ తల్లి ఏడో నెలలో ఎక్కడుందో అడిగేవాళ్లు తక్కువ. జనవరి దాటితే ఇక్కడి నుంచి కూలీలు గోదావరి దాటి తెలంగాణ మిరప చేలకు పోతారు. ఏరినదాన్ని బట్టే కూలి, అందుకే కడుపుతో ఉన్నామె కూడా వంచిన నడుము ఎత్తదు. చేలో చాటు ఉండదని నీళ్లు తాగడం తగ్గిస్తుంది. దాంతో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావచ్చు. మంటగా ఉన్నా వేడి చేసిందనుకుని ఊరుకుంటుంది. 37 వారాలు నిండకుండానే నొప్పులు రావడానికి ఈ ఇన్‌ఫెక్షన్ ఒక కారణం.

ఉద్యోగం చేసే ఆమెకు చట్టం 26 వారాలు జీతంతో సెలవిచ్చింది. కూలి చేసుకునే ఆమెకు తొలి కాన్పుకు కేంద్ర ప్రభుత్వ మాతృవందన పథకం కింద 5,000 రూపాయలు. దాన్ని ఆ 26 వారాలకు, అంటే 182 రోజులకు పంచితే రోజుకు 27 రూపాయల పైచిల్లర! అందులో మొదటి 3,000 రావాలన్నా పేరు నమోదు కావాలి, గర్భం వచ్చిన ఆరు నెలల్లోపు ఒక్క చెకప్ అయినా అయి ఉండాలి. అవతలి ఒడ్డు నుంచి వచ్చిన కోడళ్లకు ఆధార్‌లో పుట్టింటి పేరు, బ్యాంకులో అత్తింటి పేరు ఉండి దరఖాస్తు ఆగిపోతుంది. అన్నీ సరిపోయినా డబ్బు ఆధార్‌తో చివరగా లింకయిన ఖాతాకే పోతుంది. అది ఎప్పుడో పుట్టింట్లో తెరిచి మరిచిపోయిన ఖాతా కావచ్చు.

పనికి పోవద్దని చెప్పడం సులువే, ఇల్లు గడిచే దారి చూపకుండా చెబితే ఎవరు వింటారు? పోకముందు రక్త పరీక్ష చేయించాలి. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత. 7 లోపుంటే గోలీలతో సరిపెట్టకుండా ఆస్పత్రికి పంపాలి. రెండు నెలలకు పోయే ఆమె చేతికి నెల గోలీలిస్తే ఏం లాభం? రోజుకొకటి చొప్పున 60 ఎర్ర (ఇనుము) గోలీలు, రెండేసి చొప్పున 120 కాల్షియం గోలీలు ఒకేసారి ఇవ్వాలి. రెండూ కలిపి వేసుకున్నా, ఎర్ర గోలీ మీద చాయ్ తాగినా ఇనుము సరిగ్గా ఒంటబట్టదు. కాల్షియం పొద్దున, మధ్యాహ్నం తిన్నాక, ఎర్ర గోలీ రాత్రి. మలం నల్లగా వస్తుందని భయపడి మానేసేవాళ్లున్నారు, అది మామూలేనని తెలుగులో చెప్పాలి.

గర్భిణి చెకప్ కార్డు మరాఠీలో ఉంటే తెలంగాణ నర్సమ్మకు అర్థం కాదు. బీపీ, రక్తం శాతం, బ్లడ్ గ్రూప్, కాన్పు తేదీ తెలుగులో ఒక చీటీ మీద రాసి కార్డుకు పిన్ చేసివ్వాలి. జననీ శిశు సురక్ష పథకం కింద 2011 నుంచి ఏ ప్రభుత్వాస్పత్రిలోనైనా కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం ఉచితమే. రాష్ట్రం వేరని డబ్బు అడిగితే ఇవ్వనక్కర్లేదు.

అసలు చిక్కు కాన్పయ్యాకే. ఆస్పత్రిలో కాన్పయితే బిడ్డ పుట్టిన 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఊరి ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. చేను పక్క గుడిసెలో ఉన్న బాలింతకు ఇక్కడి ఆశా అందుబాటులో ఉండదు, అక్కడి ఆశాకు ఆమె ఉన్న సంగతే తెలియదు. తక్కువ బరువు బిడ్డకు మొదటి రోజుల్లో స్నానం చేయించకుండా తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచాలి. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా వెంటనే నవజాత శిశు వార్డుకు తీసుకుపోవాలి. ఈ మాట చెప్పే మనిషి అక్కడ ఉండదు. అందుకే సంక్రాంతిలోపే కూలీలను తీసుకుపోయే మేస్త్రీ ఫోన్ నంబరు, చేను ఉన్న ఊరి పేరు రిజిస్టర్‌లో రాసుకుని, ఆ ఊరి ఆశాకు ముందుగా ఫోన్ చేసే బాధ్యత తాలూకా ఆరోగ్యాధికారి ఎవరికైనా అప్పగించాలి.

– ఆరోగ్య కార్యకర్తలు,
సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర