తడిగుడ్డకు దక్కిన పేరు

మామా,

"ఆ ఫియట్‌ను పాత ఇనపసామాన్లోనికన్నా ఇచ్చేయ్‌రా" అని రాసినావే, ఇంక ఇచ్చేది లేదు. దాని రోగం దొరికింది. వివరంగా రాస్తా, నీ అంబాసిడర్‌కూ పనికొస్తాది.

దాని యవ్వారం నీకు తెలిసిందే. కడప ఊళ్లో ఎంత తిప్పినా కిమ్మనదు. రాయచోటి దోవ పట్టి గువ్వలచెరువు ఘాటెక్కితే మాత్రం రెండు మూడు జర్కులిచ్చి గమ్మున నిలబడిపోతాది. అరగంటాగి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయితాది. షెడ్డుకు తీసకపోతే పెండ్లిచూపుల్లో పిల్ల మాదిరి బుద్ధిగా ఉంటాది. మెకానిక్ మాత్రం ఏం చూస్తాడు, పాపం!

దోవన పోయేటోళ్లందరిదీ ఒకటే వైద్యం: "ఎండకు పెట్రోలు ఆవిరైతాంది, ఏసీ పంపు మీద తడిగుడ్డ ఎయ్." (ఏసీ పంపంటే చల్లగాలిది కాదు, టాంకులోంచి ఇంజన్‌కు పెట్రోలు లాగే పంపు.) ఆ మాటలో అబద్ధం లేదు. పైపులో ఆవిరి కడితే పంపు పెట్రోలు లాగలేదు. ఇప్పుడు బంకుల్లో పోసేదేమో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతాది. సరే, గుడ్డ ఏసేది, బండి కదిలేది, పేరంతా గుడ్డకు పోయేది. నాకు ఒకటే అనుమానం. ఆ అరగంటలో చల్లబడింది పంపు ఒక్కటేనా? నిప్పురవ్వకు బలమిచ్చే కాయిల్ చల్లబడలేదా, ఆ రవ్వను ప్లగ్గులకు పంచే డెల్కో చల్లబడలేదా?

అందుకని ఈసారి మా బామ్మర్దిని ఎంటేసుకోని పోయినా. ఘాట్లో ఆగింది. నీళ్లసీసా ముట్టనీలేదు. డెల్కో మూత నడిమధ్య వైరు పీకి, రబ్బరు పిడి పటకారుతో ఇంజన్ ఇనుముకు దగ్గరగా పట్టుకోని సెల్ఫ్ కొట్టమన్నా. నిప్పురవ్వ టపటపమని నీలంగా దూకాల. వచ్చిందేమో పచ్చగా, సన్నగా, ఒకసారి వచ్చి ఒకసారి రాక. తర్వాత కార్బొరేటర్ కాడ పెట్రోలు పైపు విప్పి సీసాలో పెడితే పెట్రోలు పుష్కలంగా చిమ్మింది. అంటే పంపు తప్పేం లేదు. (ముందు కరెంటు చూడు, కాయిల్‌కు కరెంటు తెచ్చే సన్న వైరు పీకేసినాకే పెట్రోలు పైపు విప్పు. రెండూ కలిపినావంటే బండితో పాటు మనమూ మండేది.)

డెల్కో మూత తీసి చూస్తే, కాయిల్ కరెంటును కలిపి తెంపే పాయింట్లు విడిపోయినప్పుడల్లా వాటి మధ్యనే చిటపటమని మెరుపులు. ప్లగ్గుకు పోవాల్సిన బలమంతా ఆడే కాలిపోతాంది. ఆ మెరుపును మింగాల్సింది కండెన్సర్. చల్లగా ఉన్నంతసేపు పని చేస్తాది, ఏడెక్కితే చేతులెత్తేస్తాది. డిక్కీలో ఉన్న పాతదొకటి బిగిస్తే, ఇంజన్ ఇంకా సెగలు కక్కుతాండగానే ఒక్క సెల్ఫ్‌కు పట్టుకునింది! పైకెక్కి గువ్వలచెరువులో పాలకోవా తిన్నాం. ఆ తర్వాత ఎన్నిసార్లు ఘాటెక్కినా ఆగలేదు. ఒకటి గుర్తుపెట్టుకో, కొత్త కండెన్సర్లలోనూ పుచ్చువి వస్తాండాయి. బాగా నడిచిన పాతదాన్ని పారేయొద్దు.

నీ అంబాసిడర్ సంగతి సరిగ్గా రాయి. ఎత్తెక్కేటప్పుడు ఆగుతాందా, చదును రోడ్డు మీద గంట నడిచినాకనా? రెండోదయితే ఆగిన వెంటనే పెట్రోల్ టాంకు మూత తిప్పు. బుస్సుమని గాలి లోపలికి లాగితే మూతలో గాలి రంధ్రం పూడిపోయినట్టే, ఒక సూదితో పోయే రోగం. లాగకపోతే పటకారు తీసుకోని నా మాదిరే నిప్పురవ్వ చూడు. ఏదైనా బండి ఆగి ఉన్నప్పుడే చూసి రాయి మామా, తేరుకున్నాక చూస్తే నీకూ ఏం కనపడదు, నాకూ చెప్పేదానికేం ఉండదు.