ఏడో తరగతి చీటీలు, మూడు సెకన్లు

తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

చిన్న సంగతులు ముందే చెప్పేస్తాను. పరీక్షల పట్టిక డైరీలో అంటించాం, గ్రంథాలయం పుస్తకాలు ఈ వారంలోగా తిరిగి ఇవ్వాలి, పోగొట్టుకున్న గుర్తింపు కార్డుల కోసం ఆఫీసులో అడగండి. ఇక మీరు పది రోజులుగా గేటు దగ్గర, ఫోను గ్రూపుల్లో మాట్లాడుకుంటున్న విషయానికి వస్తాను.

అవును, ఏడో తరగతిలో సీట్లు చీటీలు వేసి మారుస్తున్నాం. మూడు వారాలకోసారి ఈ మార్పు ఉంటుంది. మొదటిసారి మార్చిన మర్నాడే నాకు 11 ఫోన్లు వచ్చాయి. వాటిలో ఒక్కటి కూడా బోర్డు కనిపించడం లేదని కాదు. అలాంటి ఇబ్బంది ఉంటే చీటీతో పనిలేకుండా వెంటనే మారుస్తాం. చూపు, వినికిడి అవసరాలున్న నలుగురికి ముందే తగిన చోటు కేటాయించాం కూడా. అందరూ చెప్పింది ఒకటే మాట: ‘ఆ పిల్లవాడి పక్కన మాత్రం వద్దండీ.’ ఆ పిల్లవాడు ఎవరన్నది మాత్రం ఫోను ఫోనుకీ మారింది. ఒకరికి నత్తి ఉన్న అబ్బాయి, ఇంకొకరికి ఇంట్లో వేరే భాష మాట్లాడే అబ్బాయి, మరొకరికి కూడబలుక్కుని చదివే అమ్మాయి. ఫోను చేసిన 11 మందిలో ఇద్దరి పిల్లల గురించి మిగిలినవారిలో ఎవరో ఫోను చేశారు. ఆ ఇద్దరూ ఎవరో చెప్పే ఉద్దేశం నాకు లేదు.

రెండో ఫిర్యాదు మార్కుల గురించి: బృందాలుగా నేర్చుకున్న పాఠంలో పిల్లలకు మార్కులు పోయాయని. దానికి వివరంగా జవాబు చెప్పాలి. భూకంపాల పాఠాన్ని ఐదు ముక్కలు చేశాం: భూమి పైపొరలోని పలకల కదలిక, భ్రంశాలు (రాతి పొరలు జరిగే పగుళ్లు), తరంగాలు, తీవ్రతను కొలిచే పద్ధతి, సునామీలు. 30 మంది పిల్లలు ఆరు బృందాలయ్యారు. ప్రతి బృందంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క. ఒకే ముక్క వచ్చిన ఆరుగురు ముందు కలిసి కూర్చుని దాన్ని నేర్చుకుంటారు, తర్వాత ఎవరి బృందానికి వారు వెళ్లి చెబుతారు. పరీక్ష మాత్రం ఎవరిది వారే రాస్తారు, అదీ మొత్తం పాఠం మీద. అంటే పక్కవాడు చెప్పేది వినకపోతే నష్టం వినని వారికే.

ఇది మేము కనిపెట్టిన పద్ధతి కాదు. 1971లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో జాతుల వేర్పాటు తొలగించిన బడుల్లో నల్లజాతి, శ్వేతజాతి, మెక్సికన్ మూలాల పిల్లలు ఒకే గదిలోకి వచ్చారు, కొట్లాటలు మొదలయ్యాయి. ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థులతో వెళ్లి తరగతులను గమనించారు. ఎవరు ముందు చెయ్యెత్తాలి, ఎవరు టీచరు మెప్పు పొందాలి అన్న పోటీయే అక్కడ అగ్గికి ఆజ్యం పోస్తోందని గుర్తించి, ఒకరి అవసరం ఇంకొకరికి కలిగేలా పాఠాన్నే మార్చారు. మనుషుల్ని పక్కపక్కన చేర్చినంత మాత్రాన దగ్గరైపోరని గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే రాశారు. సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, కలిసి చేసే పని, పెద్దల మద్దతు, ఈ నాలుగూ ఉండాలన్నారు. మొదటి మూడింటినీ మేము చూసుకుంటున్నాం.

ఒక బృందంలో పలకల ముక్క నత్తి ఉన్న అబ్బాయికి వచ్చింది. అతను మొదటి వాక్యం పూర్తి చేసేలోపే ఇద్దరు తొందరపెట్టారు, ఒకరు మాట అందించారు, అతను మౌనంగా కూర్చుండిపోయాడు. పరీక్షలో పలకల ప్రశ్నను ఆ బృందంలో మిగిలిన నలుగురూ వదిలేశారు. పోయాయని మీరు అడుగుతున్న మార్కులు అవే. ఆ మార్కులు నేను కలపను.

తర్వాతి వారం జరిగింది కూడా వినండి. అదే బృందంలోని ఒక అమ్మాయి (పేరు రాయకూడదన్నది మా నియమం, రాయాలని మాత్రం చాలా ఉంది) తనంతట తానే ఒక సంగతి పసిగట్టింది: మధ్యలో మాట అందించినప్పుడే అతను ఆగిపోతున్నాడు. ‘అతను ముగించేదాకా ఎవరూ నోరు విప్పొద్దు’ అని బృందానికి కట్టడి చేసింది. ఈసారి అతని వంతు అగ్నిపర్వతాలు. నాలుగు నిమిషాలు చెప్పాడు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. లావాకూ మాగ్మాకూ తేడా అంత తేటగా చెప్పిన పెద్దవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

మా ఉపాధ్యాయులు విని విని విసిగిపోయిన విషయం ఒకటుంది, ఇప్పుడు మీ వంతు. మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యా పరిశోధకురాలు 1960ల చివర, 1970ల మొదట్లో తరగతి గదుల మాటలను టేపుల్లో రికార్డు చేసి, ప్రశ్న అడిగాక టీచరు ఎంతసేపు ఆగుతున్నారో కొలిచారు. సగటున ఒక్క సెకను! ఆ ఒక్క సెకనులో నోరు తెరవగలిగేది ఎవరు? జవాబు ముందే నాలుక చివర ఉన్నవాళ్లు. ప్రశ్నను తన భాషలోకి మార్చుకునే పిల్లవాడు, పెదవుల కదలిక చూసి మాట పోల్చుకునే పిల్ల, తప్పవుతుందేమోనని లోలోపల సరిచూసుకునే బిడియస్థుడు, వీళ్లందరినీ మనం రోజంతా, ఏడాదంతా ఒక్కొక్క సెకనుతో గది బయటికి పంపుతున్నాం. ఆమె ఆ ఆగడాన్ని మూడు సెకన్లకు పెంచమన్నారు. జవాబులు పొడవయ్యాయి, కొత్త గొంతులు వినిపించాయి, ‘తెలియదు’ అనడం తగ్గింది. కొత్త భవనం అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు, మూడు సెకన్లు నోరు మూసుకోవాలి, అంతే. ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు అది ఎంత కష్టమో తెలుసు. నాకు ఇప్పటికీ మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటే తప్ప కుదరదు.

అందుకే మీకొక మనవి. గత సమావేశంలో నేను ‘ఈ నెల నీకు బాగా నచ్చిన పాఠం ఏది?’ అని పిల్లల్నే అడిగాను. చాలామంది విషయంలో జవాబు అమ్మ దగ్గరి నుంచో నాన్న దగ్గరి నుంచో వచ్చింది. ఒక తండ్రి తమ అబ్బాయికి గణితం నచ్చిందని చెబుతుంటే ఆ అబ్బాయి నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. మీది ప్రేమేనని నాకు తెలుసు. అలాగే, ఇంట్లో ‘పక్కవాడికి ఎన్ని వచ్చాయి?’ అని అడగడం, ఎవరో పిల్లవాణ్ని ‘మొద్దు’ అనడం కూడా చెడు ఉద్దేశంతో కాదనే అనుకుంటాను. కానీ రాత్రి మీరన్న మాట తెల్లారి తొమ్మిదింటికి మా తరగతిలో, మీ గొంతుతోనే వినిపిస్తుంది.

ఎనిమిదో తరగతి వాళ్ల గురించి రాయకపోతే నాకు నిద్రపట్టదు. కుర్చీలు జరిపినప్పుడల్లా ఏడో తరగతిలోని ఒక అమ్మాయి చెవి పట్టుకోవడం వాళ్లు చూశారు. వినికిడి యంత్రం మాటతో పాటు ఆ కీచుమనే చప్పుడునూ పెద్దది చేస్తుంది మరి. వాళ్లు నెల రోజులు అరిగిపోయిన టెన్నిస్ బంతులు పోగుచేసి, 30 కుర్చీల కాళ్లకు 120 బంతులు తొడిగారు. (కోత పెట్టింది డ్రిల్లు మాస్టారు, కంగారు పడకండి.) ఇప్పుడు ఆ గదిలో వెనక వరుసకు కూడా పాఠం బాగా వినబడుతోంది. ఎవరూ చెప్పకుండా చేశారు, బహుమతీ అడగలేదు. నేనైతే ప్రార్థన సమయంలో అందరి ముందూ చెప్పి వాళ్లను సిగ్గుపడేలా చేశాను.

వచ్చే శనివారం ఉదయం పది గంటలకు తల్లిదండ్రుల సమావేశం. ప్రశ్నలు పిల్లల్నే అడుగుతాను. ముందు వరుస కోసం తొందరపడి రానక్కర్లేదు. ఈసారి మీ సీట్లకు కూడా చీటీలే. ఏడో తరగతి వాళ్లు ఇప్పటికే రాసి మడతపెట్టేశారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు