పోయిందన్న బ్యాటరీకి ముందు ఒక రాత్రి చార్జింగ్ పెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

అమెరికాలో పిల్లల దగ్గర ఐదారు నెలలుండి తిరిగొచ్చే తల్లిదండ్రులు మా విజయవాడలో ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్లినా కనిపిస్తారు. వచ్చిన మర్నాడు సెల్లార్‌లోకి దిగి కారు తాళం తిప్పితే సెల్ఫ్ పడదు, టిక్ టిక్ అంటుంది, ఒక్కోసారి అదీ అనదు. ఫోన్ చేస్తే బ్యాటరీ షాపు కుర్రాడు వచ్చి మీటర్ పెట్టి, "పోయింది సార్, మార్చాలి" అంటాడు. పావుగంటలో కొత్తది బిగించేసి పాతది బండి మీద పెట్టుకుని వెళ్లిపోతాడు. నాలుగైదు వేలు ఖర్చు. నేను చాలా ఏళ్లు ఆటో ఎలక్ట్రికల్ పని నేర్పినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అలా మార్చేసిన వాటిలో చాలా బ్యాటరీలకి జబ్బేమీ లేదు, చార్జి అయిపోయిందంతే. చార్జి లేని బ్యాటరీని మీటర్ పెట్టి చూస్తే అది బాగుందో లేదో తెలియదు. ముందు పూర్తిగా చార్జి చేయాలి, తర్వాతే పరీక్ష చేయాలి. ఈ ఒక్క మాట మీ పత్రిక ద్వారా నలుగురికీ చేరాలని ఇది రాస్తున్నాను.

కారు ఆపి తాళం వేసినా కొంచెం కరెంటు లాగుతూనే ఉంటుంది. గడియారం, అలారం, రిమోట్ లాక్, ఇంజన్ కంప్యూటర్, అన్నీ బ్యాటరీ మీదే నడవాలి కదా. అదంతా కలిపి 50 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం, రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు అవుతుంది (ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు లాగితే ఒక ఆంపియర్ అవర్). చిన్న కార్లలో ఎక్కువగా ఉండేది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. అంటే నెల తిరిగేసరికి దాదాపు ఖాళీ. ఇక హెడ్‌లైట్లు ఆపడం మరిచిపోతే, మామూలు హాలోజన్ బల్బులు రెండూ కలిసి పది ఆంపియర్ల దాకా లాగుతాయి, నెల దాకా అక్కర్లేదు, నాలుగు గంటలు చాలు. ఇందులో బ్యాటరీ తప్పేముంది?

కాకపోతే ఖాళీ అయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే మాత్రం నిజంగానే పోతుంది. లోపల ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుని గట్టిపడుతుంది, రోజులు గడిచేకొద్దీ మళ్లీ కరగదు. అందుకని వచ్చే ఆదివారం చూద్దాంలే అనుకోకుండా, సెల్ఫ్ పడలేదంటే ఆ రోజే చార్జింగ్ పెట్టాలి.

ఇంట్లో చేసుకోవడం కష్టమేమీ కాదు. 12 వోల్టుల కారు బ్యాటరీకి పనికొచ్చే ఆటోమేటిక్ చార్జర్లు ఇప్పుడు బజార్లో దొరుకుతున్నాయి, కొత్త బ్యాటరీ ధరలో సగానికి అటూ ఇటూ ఉంటాయి, నలుగురు ఫ్లాట్ల వాళ్లు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు. గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒక్కటే, బ్యాటరీ కెపాసిటీలో పదో వంతు కరెంటు. 35 ఆంపియర్ అవర్ల దానికి మూడు, మూడున్నర ఆంపియర్లు, రాత్రి పెడితే పొద్దునకి పదీ పన్నెండు గంటల్లో నిండుతుంది. తొందరపడి ఎక్కువ కరెంటు ఎక్కిస్తే వేడెక్కి ప్లేట్లు పాడవుతాయి. కొందరు ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని దానికే కారు బ్యాటరీ తగిలిస్తున్నారు. అది 150 ఆంపియర్ అవర్ల పెద్ద బ్యాటరీ కోసం చేసిన చార్జర్, చిన్న బ్యాటరీకి ఆ కరెంటు చాలా ఎక్కువ, వద్దు.

బ్యాటరీని బండిలోంచి తీయాలంటే ముందు మైనస్ విప్పాలి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. కారు తాళం మాత్రం చేతిలో ఉంచుకోండి, కరెంటు లేకపోతే కొన్ని బండ్లకి సెంట్రల్ లాక్, డిక్కీ తెరుచుకోవు. చార్జర్ ఆపి ఉన్నప్పుడే ఎర్ర క్లిప్పు ప్లస్‌కి, నల్ల క్లిప్పు మైనస్‌కి పెట్టి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి. ఎందుకింత పట్టింపు అంటే, చార్జింగ్‌లో బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది నాలుగు శాతం ఉంటే చాలు, చిన్న నిప్పురవ్వకే పేలుతుంది, పేలితే యాసిడ్ మొహం మీద పడుతుంది. అందుకే గాలి ఆడే చోట, వరండాలోనో బాల్కనీలోనో పెట్టండి. వంటగదిలో వద్దు, దీపం, అగరొత్తులు వెలిగే చోట అసలే వద్దు, పిల్లలు పడుకునే గదిలో ఒక్క గంట కూడా వద్దు. కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు వేసుకోండి. యాసిడ్ కంట్లో పడితే కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి.

మూతలు ఉన్న రకమైతే లోపల నీళ్లు చూడండి. ప్లేట్లు బయటపడి ఉంటే అవి మునిగేంతవరకే డిస్టిల్డ్ వాటర్ పోసి చార్జింగ్ పెట్టి, మిగతాది చార్జింగ్ అయ్యాక గుర్తు దాకా పోయాలి, ముందే నింపేస్తే పొంగి యాసిడ్ బయటికొస్తుంది. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, ఇంట్లో ఫిల్టర్ నీళ్లు ఏవీ పోయకూడదు. యాసిడ్ అస్సలు పోయకూడదు, బ్యాటరీ బలహీనంగా ఉందని యాసిడ్ కలిపేవాళ్లు ఇంకా ఉన్నారు, అది ప్లేట్లని తినేస్తుంది. టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగేయండి. సెల్ఫ్ పడకపోవడానికి ఒక్కోసారి ఆ పొడే కారణం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బ్యాటరీ మరీ దిగిపోతే కొన్ని ఆటోమేటిక్ చార్జర్లు దాన్ని గుర్తుపట్టవు, లైటు కూడా వెలగదు. దాంతో బ్యాటరీ చచ్చిపోయిందని తీర్మానించేస్తారు. మంచి బ్యాటరీకి జంపర్ కేబుల్‌తో ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కాసేపు కలిపి ఉంచితే వోల్టేజి లేస్తుంది, అప్పుడు చార్జర్ అందుకుంటుంది. పక్క కారుతో జంప్ చేసి స్టార్ట్ చేసుకోవడం కూడా మంచిదే, కానీ ఊళ్లో ఓ అరగంట తిప్పితే బ్యాటరీ నిండిపోతుందనుకోవద్దు. అది మళ్లీ స్టార్ట్ అవడానికి సరిపోవచ్చేమో గానీ ఖాళీ బ్యాటరీ నిండాలంటే గంటలు కావాలి, ఆ భారం ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీకి చార్జి ఎక్కించే ఆల్టర్నేటర్ మీద వేయడం దానికీ మంచిది కాదు.

నాకు నిజంగా భయం వేసే విషయం వేరే ఉంది. ఒక బల్బు, కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఒకటి ఉంటే చాలు, చార్జర్ కొనక్కర్లేదని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. ఇంటి 230 వోల్టుల కరెంటుని వరసలో బల్బు, డయోడ్ పెట్టి నేరుగా బ్యాటరీకి ఇచ్చే పద్ధతి అది. మధ్యలో ఇంటి కరెంటుని తగ్గించి వేరుచేసే ట్రాన్స్‌ఫార్మర్ లేదు. అంటే బ్యాటరీ టెర్మినల్ మీద చెయ్యి వేస్తే ఇంటి కరెంటు వైరు మీద చెయ్యి వేసినట్టే. కారులో బిగించి ఉండగా అలా పెడితే మైనస్ బాడీకి కలిసి ఉంటుంది కాబట్టి కారు మొత్తం కరెంటు పట్టుకుని ఉంటుంది, తెలియక డోర్ తీయబోయిన పిల్లవాడి గతి ఏంటి? చార్జర్ డబ్బులు మిగులుతాయని ప్రాణం మీదకి తెచ్చుకోకండి. అయ్యా, మీ పత్రికలో దీని మీద బొమ్మతో సహా ఒక హెచ్చరిక వేయండి, మీరు చెబితే వింటారు.

చార్జింగ్ అయ్యాక చార్జర్ తీసేసి కొన్ని గంటలు ఊరుకుని, అప్పుడు మల్టీమీటర్‌తో చూడాలి. 12.6 వోల్టులు, ఆపైన ఉంటే నిండినట్టు. 12.2 అంటే సగమే ఉంది. 10.5 దగ్గరే ఆగిపోతే లోపలున్న ఆరు సెల్స్‌లో, అంటే రెండేసి వోల్టుల అరల్లో, ఒకటి షార్ట్ అయి ఉండొచ్చు, దానికి చార్జింగ్ మందు కాదు, మార్చాల్సిందే. బాగున్నదైతే సెల్ఫ్ కొట్టేటప్పుడు తొమ్మిదిన్నర వోల్టుల కిందికి పడకూడదు. చార్జింగ్‌లో ఉబ్బినా, చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా అక్కడే ఆపేసి మెకానిక్‌కి వదిలేయండి. సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగే కొత్త కార్లలో ఏజీఎం, ఈఎఫ్‌బీ అనే వేరే రకం బ్యాటరీలుంటాయి, వాటికి ఆ మోడ్ ఉన్న చార్జరే వాడాలి. మన ఎండలకి బ్యాటరీ ఆయుష్షు ఎలాగూ తక్కువే, నాలుగైదేళ్లు దాటినదాన్ని పట్టుకుని వేలాడమని నేను అనను. ఏడాదిన్నరకే పోయిందంటే మాత్రం ఒప్పుకోవద్దు, వారంటీ కార్డు తీయండి, చార్జి చేసి పరీక్షించి కాగితం మీద రాసివ్వమనండి.

మార్చక తప్పనప్పుడు పాతదాన్ని కొత్తది కొన్న షాపులోనే ఇచ్చి, ఆ డబ్బు బిల్లులో తగ్గించారో లేదో చూసుకోండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీని వెనక్కి తీసుకుని రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారీదారులది. దాన్ని చెత్తలో వేయకుండా వేరుగా అప్పగించడం మన బాధ్యత. పాత సామాన్ల బండికి వేస్తే ఎక్కడో ఊరి చివర పగలగొట్టి యాసిడ్ నేలలో పోసి సీసం కరిగిస్తారు. ఆ పొగ పీల్చేది అక్కడ ఆడుకునే పిల్లలే.

షాపుల వాళ్లని ఒకటి అడుగుతున్నాను. ఒకప్పుడు ప్రతి బ్యాటరీ షాపులో ఓ మూల బల్ల మీద వరసగా బ్యాటరీలు చార్జింగ్‌లో ఉండేవి, రాత్రి ఇస్తే పొద్దున తీసుకెళ్లేవాళ్లం, ఆ ఒక్క రోజుకి వేరే బ్యాటరీ కూడా ఇచ్చేవాళ్లు. డబ్బులు తీసుకోండి, కాదనం, ఆ పని మాత్రం మానకండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల వాళ్లకీ ఒక మనవి, సెల్లార్‌లో గాలి వచ్చే చోట ఒక ప్లగ్ పాయింటు, దానికి విడి మీటరు పెట్టించండి. పది కిలోల బ్యాటరీని మోసుకుని ఐదో అంతస్తుకి ఎక్కలేకే మా వయసువాళ్లు కొత్తది కొనేస్తున్నారు. నెలల తరబడి ఊరెళ్లేవాళ్లు మైనస్ టెర్మినల్ విప్పి వెళ్తే వచ్చేసరికి బ్యాటరీ చాలావరకు అలాగే ఉంటుంది. పది నంబరు స్పానర్ ఒకటి వాచ్‌మెన్ దగ్గర ఉంచితే అందరికీ పనికొస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ