పెళ్ళి ముహూర్తం కంటే ముందే జనన ధ్రువపత్రం తీసి చూడండి

సంపాదకులకు,

అమెరికా పౌరసత్వం ఉన్నవారితో పెళ్ళయిన ఇళ్ళలో పందిరి విప్పకముందే గ్రీన్‌కార్డు కంగారు మొదలవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలాంటి కుటుంబాలకు దరఖాస్తులు నింపడం, తెలుగు పత్రాలను ఇంగ్లీషులోకి తర్జుమా చేయడం మా పని. భయమంతా ముంబయి ఇంటర్వ్యూ మీదే ఉంటుంది. నిజానికి అక్కడ అడిగేవి చాలావరకు మామూలు ప్రశ్నలు. కేసును నెలల తరబడి కూర్చోబెట్టే కాగితాలు మున్సిపల్ ఆఫీసులో, పంచాయతీ రికార్డుల్లో, సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఉంటాయి. వాటి సంగతి పెళ్ళికి ముందు ఎవరూ అడగరు.

ముందు వరస చెబుతాం. పౌరసత్వం ఉన్న భర్త లేదా భార్య అక్కడి ఇమిగ్రేషన్ శాఖకు ఐ-130 అర్జీ (భార్యను లేదా భర్తను తెచ్చుకునే ఫారం), దానికి జతగా ఐ-130ఏ (ఆ భార్య లేదా భర్త వివరాల ఫారం) పంపాలి. ఆన్‌లైన్లో అయితే రుసుము 625 డాలర్లు, కాగితం మీద 675. అది ఆమోదం పొందాక కేసు నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది. అక్కడ వీసా రుసుము 325, ఆర్థిక హామీ పరిశీలనకు 120 డాలర్లు కట్టి వలస వీసా దరఖాస్తు డీఎస్-260 నింపి పత్రాలు అప్‌లోడ్ చేయాలి. అన్నీ సరిపోయాయని వాళ్ళు అన్నాకే ఇంటర్వ్యూ తేదీ వస్తుంది. ఇంటర్వ్యూ ముంబయి కాన్సులేట్‌లో. విద్యార్థి వీసాలకు వెళ్ళినట్టు హైదరాబాద్ వెళ్తే కుదరదు. వీసా వచ్చాక కార్డు కోసం ఇంకో 235 డాలర్లు. ఆన్‌లైన్ లెక్కన మొత్తం 1,305 డాలర్లు, వైద్య పరీక్ష ఖర్చు వేరు. 2024 ఏప్రిల్ తర్వాతి రుసుములివి. కట్టే రోజున అధికారిక వెబ్‌సైట్‌లో మరోసారి చూసుకోవాలి. పౌరుల భార్యాభర్తలకు ఏడాదికి ఇన్ని వీసాలే అన్న పరిమితి లేదు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవారిని చేసుకుంటే ఆ పరిమితి ఉంది, క్యూలో నిలబడాలి. సంబంధం మాట్లాడేటప్పుడు ‘అబ్బాయికి గ్రీన్‌కార్డా, సిటిజన్‌షిప్పా’ అని సూటిగా అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇక జనన ధ్రువపత్రం. మా దగ్గర ఆగిపోయే కేసుల్లో ఎక్కువ ఇక్కడే ఆగుతాయి. జననం నమోదయ్యేది కాన్పు జరిగిన చోట. సొంతూరుతో దానికి సంబంధం లేదు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు వాళ్ళలో బరంపురం ఆసుపత్రుల్లో పుట్టినవాళ్ళున్నారు. వాళ్ళ రికార్డు ఒడిశాలో ఉంటుంది. కేజీహెచ్‌లో పుట్టినవాళ్ళది విశాఖ కార్పొరేషన్‌లో ఉంటుంది. ఈ సంగతి మరిచి సొంత మండలంలో వెతికించి, దొరకలేదని ‘లభ్యం కాదు’ పత్రం తీసుకుంటారు. అంటే పుట్టని చోట పుట్టలేదని రాయించుకున్నట్టు. ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. ముందు తల్లిని అడిగి ఆసుపత్రి పేరు, ఊరు రాసుకోవాలి.

రికార్డు దొరికినా పేరు గడి ఖాళీగా ఉండొచ్చు. ఆసుపత్రి నుంచి వెళ్ళిన నమోదులో ‘ఫలానావారి ఆడశిశువు’ అని మాత్రమే ఉంటుంది. జనన మరణాల నమోదు చట్టం 1969లోని 14వ సెక్షన్ కింద పేరు చేర్పించుకోవాలి. ఏళ్ళు గడిచేకొద్దీ అడిగే రుజువులు పెరుగుతాయి. అసలు నమోదే లేకపోతే రెండు దారులు. ఒకటి, 13వ సెక్షన్ కింద ఆలస్యపు నమోదు. ఏడాది దాటినవాటికి మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. 2023 సవరణ తర్వాత జిల్లా మేజిస్ట్రేట్ గానీ సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ గానీ ఇవ్వొచ్చు, మన దగ్గర ఆర్డీవో అన్నమాట. రెండోది, ఫారం 10లో ‘రికార్డు లభ్యం కాదు’ పత్రం తీసుకుని పదో తరగతి సర్టిఫికెట్, తల్లిదండ్రుల అఫిడవిట్ జత చేయడం. తల్లిదండ్రులు లేకపోతే దరఖాస్తుదారు కంటే వయసులో పెద్దవారైన దగ్గరి బంధువు ఇవ్వాలి. పుట్టిన తేదీ, చోటు, తల్లిదండ్రుల పేర్లు, ఆ విషయం తమకెలా తెలుసో అందులో రాయాలి. ‘నాకు తెలిసినంతవరకు నిజం’ అని రెండు వాక్యాల్లో నోటరీ చేయించిన కాగితం నిలబడదు. ఆలస్యంగా నమోదైన సర్టిఫికెట్ మీద నమోదు తేదీ కనిపిస్తూనే ఉంటుంది కనుక, దానికీ బడి రికార్డు జోడించి పంపడమే మంచిది.

పేర్ల గొడవ మనకు ప్రత్యేకం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, మొత్తం పేరంతా రెండో గడిలో. ఇంటిపేరు లేని పాస్‌పోర్టు మీద అమెరికా వీసాలో మొదటి పేరు ‘తెలియదు’ అన్నట్టు పడుతుంది. అక్కడ దిగాక బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సులో ఆ తిప్పలు ఏళ్ళపాటు ఉంటాయి. అందుకని అర్జీ వేయకముందే పాస్‌పోర్టు సరిచేయించుకుని, మిగతావన్నీ దాని ప్రకారమే రాయాలి. పెళ్ళయిందని భర్త ఇంటిపేరుకు మారాలన్న నియమం ఏదీ లేదు. కేసు మధ్యలో మార్చడం కొత్త చిక్కు తెచ్చుకోవడమే.

జిల్లా పేరు మారడం గురించి కూడా చాలామంది భయపడతారు. 2022 ఏప్రిల్‌కు ముందు పాలకొండ, రాజాం శ్రీకాకుళం జిల్లాలో ఉండేవి. ఇప్పుడు పాలకొండ పార్వతీపురం మన్యంలో, రాజాం విజయనగరంలో ఉన్నాయి. పాత సర్టిఫికెట్‌లో ఒక జిల్లా, కొత్త ఆధార్‌లో ఇంకొకటి ఉన్నంత మాత్రాన కేసు పోదు. జిల్లాల పునర్విభజన జరిగిందని ఒక వాక్యం వివరణ చాలు. పాత సర్టిఫికెట్‌ను దిద్దించే పని పెట్టుకోవద్దు.

వివాహ నమోదు దగ్గర తొందరే శత్రువు. వరుడు మూడు వారాల సెలవు మీద వస్తాడు, పెళ్ళి, వ్రతం, రిసెప్షన్, అరసవల్లి దర్శనం అయ్యేసరికి విమానం తేదీ వచ్చేస్తుంది. సింహాచలంలోనో అన్నవరంలోనో పెళ్ళి చేసుకుని దేవస్థానం రశీదు చూపిస్తామంటే అది వివాహ ధ్రువపత్రం కాదు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఇద్దరూ స్వయంగా హాజరై సంతకాలు చేయాలి. వరుడు విదేశీ పౌరుడైతే హిందూ వివాహ చట్టం కింద నమోదుకు కొన్ని ఆఫీసుల్లో వెనకాడుతారు, ఆ చట్టం భారతదేశంలో స్థిర నివాసం ఉన్న హిందువులకన్న మాటను పట్టుకుని. కాబట్టి శుభలేఖ అచ్చు వేయించే రోజుల్లోనే అతని అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) నకళ్ళు పట్టుకెళ్ళి ఏ చట్టం కింద చేస్తారో, అవివాహితుడన్న అఫిడవిట్ ఏ రూపంలో కావాలో అడగాలి. అమెరికా రాయబార కార్యాలయం ‘అభ్యంతరం లేదు’ పత్రం ఇవ్వదు. వారి నోటరీ ముందు వరుడే అఫిడవిట్ ఇచ్చుకోవాలి.

ప్రత్యేక వివాహ చట్టం, 1954 దారికి వెళ్తే నోటీసు తర్వాత 30 రోజులు ఆగాలి. నోటీసు మీద ఇద్దరి సంతకాలూ కావాలి, కానీ ఆ జిల్లాలో 30 రోజుల నివాసం ఇద్దరిలో ఒకరికి ఉంటే చాలు, అంటే వధువుది సరిపోతుంది. నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లోపు ముగ్గురు సాక్షులతో పెళ్ళి జరగాలి. ‘పెళ్ళి శాస్త్రోక్తంగా చేసి, తర్వాత ఇదే చట్టం కింద రిజిస్టర్ చేయిద్దాం’ అనుకుంటే లెక్క మారుతుంది: 15వ సెక్షన్ కింద ఇద్దరూ ఆ జిల్లాలో 30 రోజులు ఉండి తీరాలి, ఆపైన మళ్ళీ నోటీసు గడువు. మూడు వారాల సెలవులో అది అయ్యే పని కాదు. ఇంకో చిన్న మెలిక. రిజిస్టర్ పెళ్ళి ఒక తేదీన, ముహూర్తం ఇంకో తేదీన జరిగితే అన్ని ఫారాల్లో ధ్రువపత్రం మీదున్న పెళ్ళి తేదీనే రాయాలి. ఒక ఫారంలో అది, ఇంకో ఫారంలో ఇది రాస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే.

ఇద్దరిలో ఎవరికైనా ఇది రెండో పెళ్ళి అయితే కోర్టు డిక్రీ సర్టిఫైడ్ కాపీ కావాలి. ఊళ్ళో పెద్దల ముందు వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్న విడాకులు మన జిల్లాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. హిందూ వివాహ చట్టం 29(2) ఆచార విడాకులను గుర్తిస్తుంది, నిజమే. కానీ ఆ కులంలో అలాంటి ఆచారం ఉందని రుజువు చేసే భారం మన మీదే పడుతుంది. ఆ కాగితం ఒక్కటే పట్టుకుని ముంబయి వెళ్ళడం తెలిసి తెలిసి ఇబ్బంది కొనుక్కోవడం. డిక్రీ వచ్చినా అప్పీలు గడువు 90 రోజులు పూర్తికాకముందు చేసుకున్న పెళ్ళి మీద కూడా ప్రశ్నలు వస్తాయి.

పోలీసు క్లియరెన్స్ విశాఖపట్నం ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలో దరఖాస్తు చేసుకోవాలి, రుసుము 500 రూపాయలు. స్టేషన్‌లో ఎస్సై సంతకంతో రాయించుకున్న కాగితం చెల్లదు. పనుల మీద గల్ఫ్‌కో మలేషియాకో సింగపూర్‌కో వెళ్ళి 16 ఏళ్ళ వయసు దాటాక అక్కడ ఏడాది, అంతకు మించి ఉన్నవాళ్ళకు ఆ దేశపు పోలీసు పత్రం కూడా కావాలి. ఇంటర్వ్యూ తేదీ వచ్చాక మొదలుపెడితే ఆలస్యమవుతుంది.

తర్జుమా గురించి ఒక మాట, మా పని కనుక. తెలుగులో ఉన్న ప్రతి పత్రానికీ ఇంగ్లీషు అనువాదం, అనువాదం సరైనదనీ తనకు రెండు భాషలూ వచ్చనీ అనువాదకుడి సంతకంతో ప్రకటన ఉండాలి. ముద్రలు, వెనకవైపు రాతలు, కొట్టివేతలు కూడా తర్జుమాలో రావాలి. స్కాన్ రెండు వైపులా చేయాలి, రంగుల్లో చేయాలి.

ఆర్థిక హామీ ఐ-864లో ఆదాయం అక్కడి పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి. 2025 లెక్కల ప్రకారం ఇద్దరున్న కుటుంబానికి 26,437 డాలర్లు. ఇక్కడ తప్పేది కుటుంబ సభ్యుల లెక్క. వరుడు అంతకుముందు తన తల్లిదండ్రులకు ఇదే హామీ ఇచ్చి ఉంటే, అది ఇంకా అమల్లో ఉన్నంతకాలం వాళ్ళిద్దరినీ కలిపి నలుగురని రాయాలి. ఆదాయం చాలకపోతే అక్కడి పౌరుడో గ్రీన్‌కార్డుదారో సహ హామీదారుగా సంతకం చేయొచ్చు, చుట్టమే కానక్కర్లేదు. ఉద్దానంలో తండ్రి పేరున ఉన్న జీడితోట విలువ కట్టించి పంపేవాళ్ళున్నారు. ఆ తోటకు అక్కడ లెక్క లేదు. వధువు సొంత పేరున ఉండి, ఏడాదిలోపు డబ్బుగా మార్చుకోగలిగిన ఆస్తి అయితే, ఆదాయంలో తక్కువపడిన మొత్తానికి మూడు రెట్ల విలువ ఉండాలి.

పెళ్ళి నిజమైనదేనని చూపించే రుజువుల్లో మూడు వందల ఫొటోల ఆల్బమ్ కంటే వేర్వేరు తేదీల్లో రెండు కుటుంబాలతో దిగిన ఇరవై ఫొటోలు మేలు. పెళ్ళి తర్వాత అతను వచ్చివెళ్ళిన టిక్కెట్లు, బీమాలో నామినీ పేరు, మాట్లాడుకున్న కాల్స్ వివరాలు బలమైనవి. పెద్దలు కుదిర్చిన పెళ్ళి కావడం తప్పేమీ కాదు. పెళ్ళిచూపులకూ ముహూర్తానికీ మధ్య పది రోజులే ఉంటే ఉన్నట్టే చెప్పాలి. ప్రేమకథ అల్లమని సలహా ఇచ్చేవాళ్ళను దగ్గరకు రానివ్వొద్దు. ఇంటర్వ్యూలో 221(జి) కాగితం చేతికిచ్చినా తిరస్కరించేశారని ఇంట్లో ఏడుపులు అక్కర్లేదు. ఏదో పత్రం తక్కువైందనో పరిశీలన మిగిలిందనో దాని అర్థం. అడిగింది ఏడాదిలోపు ఇవ్వాలి.

వైద్య పరీక్ష కాన్సులేట్ జాబితాలోని వైద్యుల దగ్గరే. ఛాతీ ఎక్స్‌రేలో క్షయ అనుమానం వస్తే కళ్ళెను ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ పరీక్షకు రెండు నెలల వరకు పడుతుంది. పాతకాలపు మచ్చ ఉన్నవాళ్ళు చికిత్స రికార్డు వెంట తీసుకెళ్ళాలి.

ఏజెంట్ల మాట ఇప్పుడు. ఐ-130కి ప్రీమియం ప్రాసెసింగ్ (అదనపు రుసుము కట్టి త్వరగా తేల్చుకోవడం) అనేది లేనే లేదు. ‘ఇంత కడితే బేగి చేయిస్తాం’ అన్నవాడు ఆ మాటతోనే దొరికిపోయాడు. అర్జీ తేలడానికి ఏడాది దాటడం మామూలే. అంతకంటే పెద్ద ప్రమాదం, ఏజెంట్ తన ఈమెయిల్‌తో ఖాతా తెరవడం. అప్పుడు వీసా సెంటర్ ఉత్తరాలన్నీ అతనికే వెళ్తాయి. డబ్బు దగ్గర మాట తేడా వచ్చిన రోజున కేసు అతని గుప్పిట్లో ఉంటుంది. ఏడాదిపాటు వీసా సెంటర్‌తో ఏ సంప్రదింపూ లేకపోతే కేసు రద్దయ్యే వీలుంది. ఈమెయిలు, ఫోను వధువువే ఉండాలి. ఫారం ఎవరు నింపారో వాళ్ళ పేరు, సంతకం పెట్టే గడి కూడా ఉంది. దాన్ని ఖాళీగా వదిలేసేవాళ్ళతో పని పెట్టుకోవద్దు. ‘ఈలోగా విజిటర్ వీసా మీద పంపించేద్దాం, అక్కడే మార్చుకోవచ్చు’ అన్నది మరో సలహా. వలస అర్జీ, అంటే ఐ-130 లాంటిది వేశారా అన్న ప్రశ్న విజిటర్ వీసా ఫారం డీఎస్-160లో ఉంది. లేదని రాస్తే అబద్ధం, ఉందని రాస్తే వీసా రావడం కష్టం. అబద్ధం పట్టుబడితే శాశ్వత నిషేధం దాకా పోవచ్చు.

అప్పటికే అక్కడ చదువుతున్న అమ్మాయికైతే ఐ-485 (అక్కడే ఉండి గ్రీన్‌కార్డు కోరే ఫారం) దారి ఉంది, రుసుము 1,440 డాలర్లు. అది పెండింగ్‌లో ఉండగా ముందస్తు అనుమతి లేకుండా తాతగారి దినానికో తమ్ముడి పెళ్ళికో వచ్చేస్తే అర్జీ వదిలేసినట్టే లెక్క. హెచ్, ఎల్ (ఉద్యోగ) వీసాల మీద ఉన్నవాళ్ళకు మాత్రం మినహాయింపు ఉంది.

ఆడపిల్లల తల్లిదండ్రులు తెలుసుకోవలసింది ఇంకొకటి. అక్కడ దిగే రోజుకు పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే వచ్చేది రెండేళ్ళ షరతుల కార్డు. రెండేళ్ళు నిండటానికి పది రోజులే ఉంటే, వీసా గడువు చూసుకుని ఆ పది రోజులూ ఆగి వెళ్ళడం తెలివైన పని. పదేళ్ళ కార్డే వస్తుంది. షరతు తీయించుకునే ఐ-751ను కార్డు గడువు ముగిసే ముందు 90 రోజుల్లోపు ఇద్దరూ కలిసి వేయాలి. ‘నేను సంతకం పెట్టకపోతే నీ కార్డు పోతుంది’ అని బెదిరించే భర్తలున్నారు. అది అబద్ధం. విడాకులైనా, హింస ఉన్నా ఆమె ఒక్కతే మినహాయింపు కోరుతూ అదే ఫారం వేసుకోవచ్చు, దానికి 90 రోజుల కిటికీ కోసం కాచుకోనక్కర్లేదు. అతను ఐ-864లో ఇచ్చిన హామీ విడాకులతో రద్దు కాదు.

రెండు జిల్లాల కలెక్టర్లకు మా విన్నపం ఒక్కటే. ఆలస్యపు జనన నమోదు దరఖాస్తుల మీద ఆర్డీవో కార్యాలయాల్లో ఎన్ని రోజుల్లో ఉత్తర్వు ఇస్తారో, ఏ రుజువులు కావాలో నోటీసు బోర్డు మీద పెట్టించండి. విదేశీ పౌరులతో పెళ్ళిళ్ళ నమోదుకు ఏ చట్టం, ఏ పత్రాలు అన్నది అన్ని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో ఒకేలా ఉండేట్టు చూడండి. ఈలోగా ఫైలు ఆగిపోయినవారు రశీదు నంబరుతో సోమవారం కలెక్టరేట్ అర్జీల కార్యక్రమంలో రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

ఇట్లు,
పత్రాల అనువాదకులు, దరఖాస్తు సహాయకులు
విజయనగరం